ఫిస్టులా చెయ్యి వాచిందా? ఛాతీలోని సిరలు ఒకసారి చూపించుకోండి

ఉద్దానం వైపు ఒక డయాలసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కొబ్బరి, జీడి తోటల్లో కష్టపడినవాళ్లు, పలాసలో జీడి పిక్కలు కొట్టిన ఆడవాళ్లు. నొప్పి ఓర్చుకోవడం వాళ్లకు అలవాటు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలిపిన చోటు) ఉన్న చెయ్యి వాచినా వారాల తరబడి బయటికి చెప్పరు. అడిగితే "నీరు పట్టింది బావూ, డయాలసిస్‌లో లాగేస్తారు కదా" అంటారు. ఒంట్లో నీరు ఎక్కువైతే రెండు కాళ్లు వాస్తాయి, ముఖం ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది. ఫిస్టులా ఉన్న ఒక్క చెయ్యే వాచి, అది రోజురోజుకీ తగ్గకుండా ఉంటే మిషన్ మీద ఎన్ని లీటర్లు లాగినా పోదు. చాలాసార్లు దాని కారణం చేతిలో ఉండదు, ఛాతీలో ఉంటుంది. ఈ సంగతి పేషెంట్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

చేతిలోని సిరలన్నీ కాలరు ఎముక కింద నుంచి వెళ్లే సబ్‌క్లేవియన్ సిరలో కలుస్తాయి. మెడ నుంచి వచ్చే జుగులార్ సిర దానితో కలిసి బ్రాకియోసెఫాలిక్ సిర అవుతుంది. కుడి ఎడమలవి రెండూ కలిసి సుపీరియర్ వీనా కావాగా గుండెలోకి దిగుతాయి. వీటినే సెంట్రల్ వీన్స్ అంటారు. ఫిస్టులా వేయకముందు చేతి నుంచి ఈ దారిలో వెళ్లే రక్తం కొంచెమే. ఫిస్టులా పనిచేయడం మొదలుపెట్టాక నిమిషానికి 600 మిల్లీలీటర్లు, మోచేతి పైన వేసిన ఫిస్టులా అయితే లీటరు పైన కూడా ఆ దారిలోనే పోవాలి. దిగువన తూము పూడిపోతే పంట కాలువ గట్లు పొర్లి పక్క చేలల్లోకి పారినట్టు, ఛాతీలో సిర ఇరుకైతే రక్తం వెనక్కి తన్ని చెయ్యి వాస్తుంది. పక్కనున్న చిన్న చిన్న సిరలు ఉబ్బి కొత్త దారులు వెతుక్కుంటాయి.

సిర ఎందుకు ఇరుకవుతుందంటే, ఎక్కువమందిలో కారణం గతంలో పెట్టిన లైనే. అర్జెంటుగా డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చి మెడలోనో, కాలరు ఎముక కిందో పైపు పెడతారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, మెడ తిప్పినప్పుడల్లా ఆ పైపు సిర గోడకు రాసుకుంటుంది. లోపలి పొర దెబ్బతిని, మచ్చ కట్టి, గోడ దళసరి అవుతుంది. లైన్ తీసేశాక కూడా ఆ మచ్చ పోదు. అన్నిటిలోకీ చెడ్డది కాలరు ఎముక కింద పెట్టే సబ్‌క్లేవియన్ లైన్. మెడలో పెట్టేవాటిలో కుడి వైపుది మేలు, ఎందుకంటే అక్కడి నుంచి గుండెకు దారి దాదాపు నిటారుగా ఉంటుంది. ఎడమ వైపు నుంచి వెళ్లే పైపు రెండు వంపులు తిరగాలి, అంత ఎక్కువ రాసుకుంటుంది. పేస్‌మేకర్ తీగలు, చేతి నుంచి గుండె దాకా వేసే పిక్ లైన్లు కూడా ఇదే పని చేస్తాయి. ఏ లైనూ పెట్టనివాళ్లలోనూ కొందరికి మొదటి పక్కటెముకకూ కాలరు ఎముకకూ మధ్య సిర నలిగి అడ్డు వస్తుంది. ఇరుకు ఉన్నా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. అదే వైపు చేతికి ఫిస్టులా వేసి రక్తం జోరు పెరిగాక బయటపడుతుంది.

ఇంట్లో ఏం గమనించాలి

ఆడవాళ్లకైతే మొదటి సాక్ష్యం గాజులు. మొన్నటిదాకా తేలిగ్గా ఎక్కిన గాజు ఎక్కకపోవడం, జాకెట్టు చెయ్యి బిగుసుకుని గుర్తు పడటం. మగవాళ్లకు ఉంగరం, చొక్కా చెయ్యి. (ఫిస్టులా చేతికి గాజులు, వాచీ, తాయెత్తు బిగుతుగా ఉండకూడదన్న మాట వేరే చెప్పక్కర్లేదు కదా.) అనుమానం వస్తే ఒక టేపు తీసుకుని రెండు చేతులూ మోచేతికి కొంచెం పైన ఒకే చోట కొలిచి, తేదీతో రాసి పెట్టండి. వారం తర్వాత మళ్లీ కొలవండి. "కొంచెం వాచినట్టుంది" అని డాక్టరుకు చెప్పడం కంటే ఆ అంకెలు చూపించడం వంద రెట్లు మేలు.

తర్వాత చొక్కా విప్పి అద్దం ముందు నిలబడండి. భుజం మీద, ఛాతీ పై భాగంలో, మెడ పక్కన నీలంగా మెలికలు తిరిగిన సిరలు ఒక వైపే తేలాయా చూడండి. ఆడవాళ్లలో అదే వైపు రొమ్ము బరువెక్కి వాచవచ్చు. సిగ్గుపడి ఇది చెప్పనివాళ్లు చాలామంది, దయచేసి చెప్పండి. మగ టెక్నీషియన్‌తో చెప్పలేకపోతే సిస్టర్‌తో చెప్పండి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. పడుకుని ఫిస్టులా చెయ్యిని గుండె కంటే బాగా పైకి ఎత్తండి. మామూలు ఫిస్టులా అయితే ఉబ్బి ఉన్న సిర కాసేపటికి మెత్తబడి కుంగుతుంది. పైకెత్తినా గట్టిగా ఉబ్బే ఉండి, వేలు పెడితే ఎప్పుడూ తెలిసే జివ్వుమనే థ్రిల్‌కు బదులు టకటకా కొట్టుకుంటూ ఉంటే గుండె వైపు వెళ్లే దారిలో ఎక్కడో అడ్డు ఉందన్నమాట. ఆ అడ్డు చేతిలోనే ఉండొచ్చు, ఛాతీలోనూ ఉండొచ్చు. రెండింటికీ పరీక్ష కావాల్సిందే.

డయాలసిస్ బెడ్ మీద కనిపించే గుర్తులు మేం చూడాలి, కానీ మీరూ అడగండి. మిషన్ మీద వీనస్ ప్రెషర్ (రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లేటప్పుడు ఎదురయ్యే ఒత్తిడి) అని ఒక అంకె ఉంటుంది. అదే సూది, అదే పంపు వేగంతో ఆ అంకె నెల నెలా పెరుగుతూ ఉంటే దారిలో ఇబ్బంది ఉన్నట్టు. ఒక్క రోజు పెరిగితే సూది సరిగ్గా కూర్చోలేదేమో అనుకోవచ్చు, వరుసగా పెరుగుతుంటే అలా అనుకోకూడదు. సూదులు తీశాక రక్తం ఆగడానికి ఎప్పుడూ పట్టే టైమ్ కంటే చాలా ఎక్కువ పడుతోందంటే అదీ గుర్తే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు మారలేదు, అయినా ఇరవై నిమిషాలు నొక్కి పట్టుకోవాల్సి వస్తోందంటే ఆ రోజే చెప్పండి.

ఫిస్టులా ఆపరేషన్ అయిన కొత్తలో కొంత వాపు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మామూలు కాదు. అలాగే డయాలసిస్ మధ్యలో సూది చుట్టూ ఒక్కసారిగా ఉబ్బి, నల్లగా కమిలితే రక్తం చర్మం కిందికి లీకైనట్టు, ఇది వేరు. ఎర్రగా, వేడిగా ఉండి చలి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్, అది ఇంకా వేరు, వెంటనే చూపించాలి.

చెయ్యే కాకుండా ముఖం, మెడ, కళ్ల చుట్టూ ఉబ్బడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గొంతు బొంగురుపోవడం, వంగితే తల పగిలిపోతున్నట్టు ఉండటం మొదలైతే వచ్చే డయాలసిస్ దాకా ఆగొద్దు. పెద్ద సిర దగ్గరే అడ్డు వచ్చి ఉండవచ్చు. రాత్రయినా సరే పెద్ద ఆసుపత్రికి బయల్దేరండి.

పరీక్షకు వెళ్లేలోపు

రాత్రి పడుకున్నప్పుడు చెయ్యిని రెండు దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి. కొంత ఉపశమనం ఉంటుంది, అడ్డు మాత్రం తొలగదు. నూనె రాసి మర్దన చేయించవద్దు. బిగుతు కట్టు కట్టవద్దు, ఫిస్టులా గడ్డకట్టే ప్రమాదం ఉంది. నాటు మందు పట్టీ వేయించుకుని చర్మం పొక్కులెక్కితే ఆ చెయ్యి ఇక సూదికే పనికిరాకుండా పోవచ్చు. డయాలసిస్ మానేయకూడదు. వాచిన చోట సిర లోతుకు పోతుంది కాబట్టి సూది తప్పే అవకాశం ఎక్కువ, యూనిట్‌లో అనుభవం ఉన్నవాళ్లను సూది వేయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఈలోగా ఒక పని తప్పకుండా చేయండి. ఒక నోట్‌బుక్ పేజీలో ఇప్పటిదాకా మీకు పెట్టిన ప్రతి లైన్ రాయండి: ఏ వైపు, మెడలోనా, కాలరు ఎముక కిందా, తొడలోనా, టెంపరరీనా, ఎక్కువ కాలం ఉంచే పర్మ్‌క్యాథా, సుమారు ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఇన్ఫెక్షన్ వచ్చిందా, గడ్డకట్టిందా. ఫిస్టులాలు ఎన్ని వేశారు, ఏవి ఆగిపోయాయి. ఐసీయూలో ఉన్నప్పుడు సెలైన్ కోసం పెట్టిన సెంట్రల్ లైన్ కూడా రాయండి, దాన్ని అందరూ మర్చిపోతారు. పేషెంటుకు గుర్తు లేకపోతే డిశ్చార్జి కాగితాలు వెతకండి, మెడ మీద, ఛాతీ మీద పాత మచ్చలు చూడండి. వేరే ఊళ్లో డయాలసిస్ మొదలుపెట్టి మా దగ్గరికి వచ్చినవాళ్ల కాగితాల్లో ఈ వివరం అసలు ఉండదు, దీన్ని చూసి నాకు చాలా బాధేస్తుంది. వీనోగ్రామ్ (సిరల్లోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేసే డాక్టరుకు ఆ ఒక్క పేజీ ఇస్తే అడ్డు ఎక్కడుండవచ్చో ముందే అంచనా వేయగలరు.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ చికిత్సకు చాలామంది విశాఖపట్నం వెళ్తారు. ఏ ఊరైనా ముందు ఫోన్ చేసి ఒకటే అడగండి: "డయాలసిస్ పేషెంట్లకు సెంట్రల్ వీన్ యాంజియోప్లాస్టీ మీ దగ్గర చేస్తారా, ఎవరు చేస్తారు?" (ఇరుకైన సిరను బెలూన్‌తో తెరవడమే యాంజియోప్లాస్టీ.) కొన్ని చోట్ల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, కొన్ని చోట్ల వాస్కులర్ సర్జన్, కొన్ని చోట్ల ఇందులో శిక్షణ ఉన్న నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చేస్తారు. గుండె యాంజియోగ్రామ్ చేసే చోటల్లా ఇది చేస్తారని అనుకుని వెళ్లి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ ప్రొసీజర్ వస్తుందో, బెలూన్, స్టెంట్ (సిర మళ్లీ ముడుచుకోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం) ఖర్చు ఎంతవరకు ఇస్తారో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, అడ్మిషన్‌కు ముందే తేల్చుకోండి. డయాలసిస్ ఉచితంగా అవుతోంది కదా, ఇదీ అలాగే అవుతుందిలే అనుకుని వెళ్లవద్దు.

పరీక్ష, బెలూన్

డాప్లర్ స్కాన్ (రక్తం పారుదల చూపే అల్ట్రాసౌండ్) చేతి సిరలను బాగా చూపిస్తుంది. కాలరు ఎముక, రొమ్ము ఎముక వెనక ఉన్నవి మాత్రం దానికి సరిగ్గా అందవు. అందుకే డాప్లర్ నార్మల్ అని వచ్చినా చెయ్యి వాచే ఉంటే అక్కడితో వదిలేయకండి. అసలు పరీక్ష వీనోగ్రామ్. ఫిస్టులాలో చిన్న సూది ద్వారా డై ఎక్కించి గుండె దాకా దారి మొత్తం ఎక్స్‌రేలో చూస్తారు. అడ్డు కనిపిస్తే చాలాసార్లు అదే బల్ల మీద బెలూన్ కూడా వేస్తారు. కాబట్టి చికిత్సకు కూడా సిద్ధమయ్యే వెళ్లండి.

ముందు రోజు డయాలసిస్ చేయించుకుంటే పొటాషియం, నీరు అదుపులో ఉంటాయి, బల్ల మీద వెల్లకిలా పడుకోగలుగుతారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. ఇంతకు ముందు డై ఒంటికి పడకపోయి ఉంటే చెప్పండి. ఇంకా రోజుకు కొంత మూత్రం వస్తున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, ఆ మిగిలిన కిడ్నీ పనిని కాపాడటానికి డై తక్కువ వాడతారు.

మత్తు ఆ చోట మాత్రమే ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. సన్న తీగను అడ్డు దాటించి, దాని మీదుగా బెలూన్ పంపి గట్టి ప్రెషర్‌తో ఉబ్బిస్తారు. ఈ సిరలు పెద్దవి కాబట్టి తరచుగా 12, 14 మిల్లీమీటర్ల బెలూన్లు వాడతారు. ఉబ్బించినప్పుడు భుజంలో, ఛాతీలో నొప్పి వస్తుంది, బెలూన్ దించగానే తగ్గాలి. తగ్గకపోతే, ఆయాసం వస్తే, కళ్లు తిరిగితే వెంటనే నోరు తెరిచి చెప్పండి. అరుదుగానైనా సిర చిట్లే ప్రమాదం ఉంది. మన పేషెంట్లు "డాక్టరు గారు ఏమనుకుంటారో" అని పళ్లు బిగబట్టి ఉంటారు, ఇది ఓర్చుకోవాల్సిన చోటు కాదు.

పూర్తిగా మూసుకుపోయిన సిర అయితే తీగ దాటకపోవచ్చు. అప్పుడు తొడ వైపు నుంచి కూడా ప్రయత్నిస్తారు. అయినా కుదరనివాళ్లు కొందరుంటారు.

దారి తెరుచుకుంటే వాపు కొద్ది రోజుల్లోనే తెలిసేంత తగ్గుతుంది. మళ్లీ టేపు తీసి కొలవండి. మీ యూనిట్‌లో వీనస్ ప్రెషర్ ఎంతకు దిగిందో కూడా అదే నోట్‌బుక్‌లో రాయించుకోండి, ఇకపై పోల్చుకోవడానికి అదే లెక్క.

స్టెంట్ విషయంలో తొందరపడకండి

బెలూన్‌తో తెరిచిన సిర మళ్లీ ఇరుకవడం చాలా మామూలు. కొందరికి మూడు నెలలకే, కొందరికి ఏడాదికి. దీన్ని ఎవరో సరిగ్గా చేయలేదని అనుకోవద్దు, ఆ మచ్చ స్వభావమే అంత. మళ్లీ బెలూన్ వేస్తారు. బెలూన్ దించగానే సిర రబ్బరులా మళ్లీ ముడుచుకుంటే, లేదా మూడు నెలల లోపే మళ్లీ మూసుకుపోతుంటే స్టెంట్ ఆలోచిస్తారు. ఈ మధ్య గుడ్డలాంటి తొడుగున్న కవర్డ్ స్టెంట్లు కూడా వాడుతున్నారు.

స్టెంట్ ఒకసారి పెడితే తీయలేరు. అందుకే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ స్టెంట్ మెడ సిర నోటిని గానీ, అవతలి వైపు నుంచి వచ్చే సిరను గానీ మూస్తుందా? మూస్తే రేపు అటు వైపు లైన్ పెట్టడానికో, రెండో చేతికి ఫిస్టులా వేయడానికో దారి ఉండదు. రెండు, అది కాలరు ఎముక, పక్కటెముకల మధ్య పడుతుందా? అక్కడ చెయ్యి కదిలినప్పుడల్లా ఎముకలు నొక్కి స్టెంట్ నలిగే, విరిగే అవకాశం ఎక్కువ. ముప్పై ఏళ్ల మనిషి ఇంకా ఎన్నో ఏళ్లు డయాలసిస్ మీద ఉండవచ్చు, ఒక్కో దారినీ జాగ్రత్తగా ఖర్చు పెట్టాలి.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. వేరే పని మీద తీసిన స్కాన్‌లో "సెంట్రల్ వీన్ ఇరుకుగా ఉంది" అని కనబడింది, కానీ చెయ్యి వాపు లేదు, ప్రెషర్లు బాగున్నాయి, డయాలసిస్ సరిగ్గా అవుతోంది. అప్పుడు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిదని ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. లక్షణాలు లేని ఇరుకును బెలూన్‌తో కదిలిస్తే మచ్చ ఇంకా త్వరగా పెరగవచ్చు. రిపోర్టు చూసి భయపడి బెలూన్ వేయించుకోవడానికి పరుగెత్తకండి, మీ నెఫ్రాలజిస్టుతో మాట్లాడి గమనిస్తూ ఉండండి.

ఎంత చేసినా తెరుచుకోకపోతే

ఫిస్టులాలో రక్తం జోరు మరీ ఎక్కువగా ఉంటే, దాన్ని కొంత తగ్గించే చిన్న ఆపరేషన్‌తో వాపు దిగుతుంది, ఫిస్టులా కూడా నిలుస్తుంది. ఈ అవకాశం గురించి అడగండి, అడగకపోతే చాలాచోట్ల చర్చకే రాదు. అదీ కుదరకపోతే ఫిస్టులాను ఆపరేషన్‌తో కట్టి మూసేయాలి. కట్టేస్తే వాపు తగ్గుతుంది, కానీ దానికంటే ముందే తర్వాతి దారి సిద్ధంగా ఉండాలి. రెండో చెయ్యి, ఆ వైపు సిరలు బాగున్నాయని వీనోగ్రామ్‌లో చూశాకే. లేదా తొడలో గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టంతో వేసే దారి). లేదా ఇంట్లో చేసుకునే సీఏపీడీ (కడుపులోకి ద్రవం ఎక్కించి తీసే డయాలసిస్), దీనికి ఛాతీ సిరలతో పనే లేదు. కడుపులో పెద్ద ఆపరేషన్లు జరగనివాళ్లు, ఇంట్లో శుభ్రమైన చోటు, చేసే మనిషి ఉన్నవాళ్లు దీన్ని చివరి దిక్కుగా కాకుండా మొదట్లోనే ఆలోచించాలని నా అభిప్రాయం.

ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నవాళ్లకు తొడ లైన్లు పదేపదే పెట్టనివ్వవద్దు. కొత్త కిడ్నీని కలిపేది పొత్తికడుపులోని సిరకే, అది దెబ్బతింటే ఆపరేషనే కష్టమవుతుంది.

ఇంకా డయాలసిస్ మొదలుకానివాళ్లకు

క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్త పరీక్షలో పెరిగే అంకె) పెరుగుతోందని తెలిసి ఇంకా మందుల మీద ఉన్నవాళ్లు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే వాళ్లకు ఈ భాగం చదివి వినిపించండి. ఫిస్టులా పక్వానికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డయాలసిస్ తప్పదని డాక్టరు అన్నప్పుడే ఫిస్టులా వేయించుకుంటే మెడలో పైపు అవసరమే రాకపోవచ్చు. "వేయించుకుంటే డయాలసిస్ మొదలైపోతుంది" అని భయపడి వాయిదా వేసేవాళ్లే ఆయాసంతో అర్ధరాత్రి వచ్చి మెడ లైన్‌తో మొదలుపెడతారు. తప్పనిసరై లైన్ పెట్టాల్సి వస్తే కుడి మెడలో, అల్ట్రాసౌండ్ చూస్తూ పెట్టమనండి. కాలరు ఎముక కింద వద్దని చెప్పండి. టెంపరరీ లైన్ రెండు వారాలు దాటకూడదు. ఆ తర్వాత కూడా అవసరమైతే పర్మ్‌క్యాథ్‌కు మార్చమని, ఫిస్టులా పనిచేయడం మొదలవగానే దాన్ని తీసేయమని గుర్తు చేయండి. రక్తం శాంపిళ్లు, సెలైన్ సూదులు అరచెయ్యి వెనక మాత్రమే. పిక్ లైన్ వద్దని చెప్పండి. గుండెకు పేస్‌మేకర్ కావాలంటే ఫిస్టులా లేని వైపు పెట్టగలరా, తీగల్లేనిది కుదురుతుందా అని కార్డియాలజిస్టునూ నెఫ్రాలజిస్టునూ ముందే మాట్లాడుకోమనండి.